లిఫ్ట్ చేసిన థార్‌లో టక్‌మనే శబ్దం: షాకబ్జర్లు మార్చే ముందు బోల్టులు చూడండి

బండి ఎత్తు పెంచే రెండు అంగుళాల లిఫ్ట్ వేయించిన నెల నుంచి మీ మహీంద్రా థార్ ముందు ఎడమ వైపు టక్‌మంటోందన్నారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏమీ వినపడదు. కాలనీలో స్పీడ్ బ్రేకర్ దాటినా, నెమ్మదిగా వెళ్తూ బ్రేక్ నొక్కినా వస్తోంది. ఒక గ్యారేజీలో షాకబ్జర్లు పోయాయన్నారు, ఇంకో చోట స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే భాగం) అన్నారు, ఎవరిని నమ్మాలని అడిగారు. ఇద్దరినీ ఇప్పుడే నమ్మకండి. నెల క్రితం వరకు నిశ్శబ్దంగా ఉన్న బండికి లిఫ్ట్ వేయగానే ర్యాక్ పోయిందంటే నాకు నమ్మబుద్ధి కాదు. ముందు ఆ రోజు విప్పి బిగించిన వాటినే అనుమానించాలి.

నాదీ థారే, 2022 మోడల్. లిఫ్ట్ వేయించిన మూడో వారం అనంతగిరి గుట్టలకు వెళ్లొచ్చాక శబ్దం మొదలైంది. మొదటి వారం నా వేట తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. సగం చప్పుడు వెనక సీటు కింద పడేసిన టోయింగ్ షాకిల్‌ది, అంటే బండి లాగడానికి తాడు తగిలించే ఇనప కొక్కేనిది! కాబట్టి ముందు బండి ఖాళీ చేయండి. జాకీ, పానాలు, తాళ్లు అన్నీ దించేయండి. వెనక తలుపుకున్న స్పేర్ వీల్ బోల్టులు కూడా చూడండి. ఆ తర్వాతే కిందకి దూరాలి.

షాకిల్ తీసేశాక అసలు టక్ మిగిలింది. మెకానిక్ లింక్ రాడ్లు (బండి ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్‌ని చక్రాల వైపు కలిపే చిన్న కడ్డీలు) అన్నాడు, రాణీగంజ్‌లో కొత్త జత కొని వేయించాను. బండి మళ్లీ మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే టక్‌మంది. అప్పుడు గానీ బుద్ధి రాలేదు, ఏది మార్చాలన్నది కాదు, శబ్దం ఎప్పుడొస్తోందన్నది చూడాలని.

స్పీడ్ బ్రేకర్ మీదకి ఎక్కేటప్పుడు వస్తోందా, దిగేటప్పుడా? దిగాక చక్రం కిందకి వేలాడే క్షణంలో ధన్‌మంటే షాకబ్జర్ పూర్తిగా సాగి చివర తగులుతోందని అనుమానించాలి. స్ప్రింగ్ పొడవుది వేసి, లేదా స్ప్రింగ్‌ని నొక్కి ఉంచే స్పేసర్ (ఎత్తు పెంచే దిమ్మ) పెట్టి, షాకబ్జర్ మాత్రం పాతదే వదిలేస్తే ఇలా అవుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడే షాకబ్జర్ ముందుకన్నా సాగి ఉంటుంది, ఇక కిందకి దిగడానికి చోటు తక్కువ. అలాంటప్పుడు అదే పొడవున్న కొత్త షాకబ్జర్లు వేయించినా అదే శబ్దం వస్తుంది. పైన షాకబ్జర్‌ని బండికి బిగించే మౌంట్ దగ్గర పెట్టే స్పేసర్ కథ వేరు. అక్కడ షాకబ్జర్ ప్రయాణం మారదు గానీ, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు చక్రాన్ని అటూ ఇటూ తిరగనిచ్చే బాల్ జాయింట్, చక్రానికి ఇంజిన్ శక్తి అందించే యాక్సిల్ జాయింట్ మామూలు కంటే ఎక్కువ వంగుతాయి. బిల్లు మీద ఏ రకం స్పేసరో రాసి ఉండకపోవచ్చు, లిఫ్ట్ వేసినవాళ్లనే అడగండి.

ఒక్క చక్రం గుంతలో పడితేనే వస్తోందా, రెండూ ఒకేసారి బ్రేకర్ ఎక్కినా వస్తోందా? రెండూ కలిసి లేచినప్పుడు స్టెబిలైజర్ బార్ మీద పెద్దగా బరువు పడదు. అందుకే ఒక్క వైపు గతుకులోనే టక్‌మంటే లింక్ రాడ్, బార్‌కి ఉండే రబ్బరు బుష్‌ల మీద అనుమానం పెట్టుకోవాలి. రెండు లింకులూ విప్పి, బార్ దేనికీ తగలకుండా కట్టేసి, కాలనీలోనే పది, పదిహేను స్పీడులో ఒక రౌండ్ వేస్తే తేలిపోతుంది. బండి ఎక్కువ ఒరుగుతుంది, అలాగే మెయిన్ రోడ్డెక్కకండి. ఈ ఉచిత పరీక్ష నేను ముందే చేసి ఉంటే ఆ జత కొనేవాణ్ని కాదు.

బ్రేక్ నొక్కగానే, రివర్స్ నుంచి ముందుకి మార్చగానే ఒక్కసారి టక్‌మంటే చక్రం ముందుకీ వెనక్కీ జరుగుతోందన్నమాట. దాన్ని పట్టి ఉంచేది లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే కింది ఇనప చెయ్యి), దాని బుష్‌లు. నాది ఇదే. మీరు రాసిన తీరు చూస్తే మీదీ ఇదే అనిపిస్తోంది.

చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన, మా వైపు ఉస్తాద్ అంటాం, టార్చి వేసి లోయర్ ఆర్మ్ వెనక బోల్టు చూపించాడు. బోల్టు తల చుట్టూ బ్రాకెట్ మీద సన్నటి ఉంగరంలా లోహం తళతళలాడుతోంది, దాని అంచున కుంకుమలాంటి ఎర్రటి తుప్పు పొడి. "బిగించి ఉన్నది మెరవదు సార్, కదిలేదే మెరుస్తుంది" అన్నాడు.

ఎందుకలా అయ్యిందంటే, లిఫ్ట్ వేసినప్పుడు బండిని పైకెత్తి, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే ఆ బోల్టులు బిగించేశారు. రబ్బరు బుష్ బేరింగ్‌లా తిరగదు. లోపలి గొట్టాన్ని బోల్టు పట్టేస్తుంది, ఆర్మ్ కదిలినప్పుడు మధ్యలో రబ్బరు మెలి తిరుగుతుంది. వేలాడే స్థితిలో బిగిస్తే, బండి నేల మీదకి దిగగానే రబ్బరు మెలి తిరిగే ఉండిపోతుంది, రోజంతా, పార్కింగ్‌లో కూడా. ఆ ఒత్తిడికి బుష్ కిర్రుమంటుంది, త్వరగా చిరుగుతుంది. బిగింపు చాలకపోతే గొట్టం బ్రాకెట్‌లో జారి టక్‌మంటుంది.

వీల్ అలైన్‌మెంట్ ర్యాంప్ మీద బండి తన చక్రాల మీదే నిలబడుతుంది. అక్కడ ఆ బోల్టులు వదులు చేయగానే 'కడక్' అని బండి కొద్దిగా సర్దుకుంది. బంపర్ పట్టుకుని నాలుగైదుసార్లు ఊపి, కంపెనీ చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) టార్క్ పానాతో బిగించి, అలైన్‌మెంట్ చేశారు. శబ్దం పోయింది. బోల్టుకీ బ్రాకెట్‌కీ కలిపి పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయించుకున్నాను. 500 కిలోమీటర్ల తర్వాత చూస్తే గీత విడిపోలేదు.

కిర్రుమనే శబ్దం కూడా ఉంటే మొక్కలకు కొట్టే స్ప్రే సీసాతో ఒక్కో బుష్ మీద నీళ్లు కొట్టి బండి ఊపండి. ఎక్కడ తడిస్తే ఆగిందో అదే దొంగ. డీజిల్ మాత్రం కొట్టనివ్వకండి. రెండు రోజులు నోరు మూసుకుంటుంది, ఆ తర్వాత రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

ర్యాక్ సంగతి తేల్చడం కూడా సులువే. బండి ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, ఇంకొకరు స్టీరింగ్ కొద్ది కొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే పక్క నుంచి టై రాడ్ (ర్యాక్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) చివర మీద చెయ్యి వేయండి. వదులుంటే వేలికి కొట్టినట్టు తెలుస్తుంది. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందకి మాత్రం దూరొద్దు. చక్రాన్ని లేపి పైనా కిందా పట్టి ఊపినప్పుడు బాల్ జాయింట్ ఆడుతున్నా, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు బ్రేక్ హోస్ (బ్రేక్ ద్రవం వెళ్లే గొట్టం) తీగలా బిగుసుకుంటున్నా ఇంక పరీక్షలు ఆపి, టో చేయించి గ్యారేజీకి పంపండి.

ముందు ఆ లోయర్ ఆర్మ్ బోల్టుల దగ్గర టార్చి వేసి ఫొటో తీసి పెట్టండి, మెరుపు ఉందో లేదో చూద్దాం. ఒకవేళ లింక్ రాడ్డే అనిపిస్తే కొనకండి. నేను అనవసరంగా విప్పించిన పాత జత మంచిదే, మా ఇంట్లో అట్టపెట్టెలో ఉంది. ఉప్పల్ వైపు వస్తే తీసుకెళ్లి వేసి చూసుకోవచ్చు.