హైదరాబాద్ దగ్గర చిన్న వీకెండ్ ఇల్లు: రాయి కంటే ముందు ఎండ సంగతి చూసుకోండి

చేవెళ్ల దగ్గర ప్లాటులో రెండు గదుల వీకెండ్ ఇల్లు కట్టాలి, రాయి, చెక్క, సున్నం లాంటివే వాడాలి, హాలుకి పడమర మొత్తం గాజు పెట్టి సూర్యాస్తమయం కనపడేలా చెయ్యాలి అని అడిగారు కదండీ. మేం శంకర్‌పల్లి వైపు అలాంటి ఇల్లే కట్టుకున్నాం కాబట్టి చెప్తున్నా, మిగతావన్నీ మీ ఇష్టం గానీ ఆ పడమటి గాజు మాత్రం వద్దు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఎండ అడ్డంగా వచ్చి నేరుగా లోపల పడుతుంది, ఎంత పొడుగు సన్‌షేడ్ వేసినా ఆగదు, చివరికి కర్టెన్లు మూసి లైట్లు వేసుకోవాల్సొస్తుంది. మేం పడమర వైపు బాత్రూమ్, స్టోరు పెట్టేసి పైన వెంటిలేటర్లు మాత్రమే వదిలాం, సూర్యాస్తమయం చూడాలంటే బయట అరుగు ఉంది, సాయంత్రం ఎలాగూ అందరం అక్కడే కూర్చుంటాం.

ఇంకోటి, ఉత్తరం కిటికీకి ఎండే రాదు, సన్‌షేడ్ దండగ అని చాలామంది అంటారు. మనం దాదాపు 17 డిగ్రీల అక్షాంశం మీదున్నాం, అందుకే మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి కాస్త ఉత్తరంగా ఉంటాడు, జూన్ సాయంత్రాలైతే వాయవ్యం నుంచి ఏటవాలుగా కొడతాడు. కాబట్టి ఉత్తరానికీ సన్‌షేడ్ వెయ్యండి, వాయవ్యం మూల ఒక కానుగ మొక్క ఇప్పుడే పెట్టేయండి, ఇల్లు అయ్యేసరికి కొంచెం ఎదుగుతుంది. దక్షిణం చాలా మంచి దిక్కు అసలు, డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, 4 అడుగుల ఎత్తు కిటికీకి పైఅంచునే 2 అడుగుల సన్‌షేడ్ ఉంటే చలికాలం ఎండ దాదాపు కింది సగంలోంచి లోపలికొస్తుంది, మేలో మధ్యాహ్నం ఎండ అస్సలు రాదు. పైకప్పులో గాజు పెట్టకండి, సూర్యుడు నడినెత్తికొచ్చే ఊరు మనది. దాని బదులు కప్పులో ఒక భాగం ఎత్తుగా లేపి ఉత్తరం వైపు నిలువు గాజు పెట్టించండి, మా ఇంట్లో నాకు బాగా నచ్చేది ఆ వెలుతురే, పగలంతా ఒకేలా ఉంటుంది, పుస్తకం చదువుకోవడానికి లైటే అక్కర్లేదు.

రాయి విషయానికొస్తే లోపల నాలుగు గోడలూ రాయి వదలకండి, వెలుతురంతా అదే తాగేస్తుంది. ఒక్క గోడ గ్రానైట్ రాయి వదిలి మిగతావాటికి సున్నం ప్లాస్టరింగ్ చేసి తెల్లగా ఉంచితే చిన్న గది కూడా పెద్దగా కనిపిస్తుంది. రాతి గోడ మందంగా ఉంటే చల్లగా ఉంటుందంటారు, నిజమే, కానీ పగలంతా ఎండ తగిలితే ఆ వేడి రాత్రి లోపలికి వదుల్తుంది, అందుకని బయట నీడ ఉండాలి. స్లాబుకి ఫిల్లర్ స్లాబ్ అడగండి, మన దేశంలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ గారు బాగా వాడింది. స్లాబు కింది భాగంలో లాగుడంతా ఇనుమే మోస్తుంది, కాంక్రీటుకి అక్కడ పెద్దగా పని లేదు, కాబట్టి ఆ చోట మంగళూరు పెంకులు పెట్టి పోస్తారు, బరువూ సిమెంటూ తగ్గుతాయి. కానీ డిజైన్ మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీర్‌తోనే చేయించండి.

కిందకి తాండూరు బండలు కళ్లు మూసుకుని వేసుకోవచ్చు, దగ్గర్లోనే దొరుకుతాయి, ఎండాకాలం చెప్పుల్లేకుండా నడుస్తుంటే ప్రాణం లేచొస్తుంది. అది సున్నపురాయి అని మర్చిపోకండి, యాసిడ్ పడితే పాలిష్ పోయి మచ్చ పడిపోతుంది, నిమ్మరసం, చింతపండు పులుసు పడ్డా అంతే, అందుకని కిచెన్ గట్టుకి గ్రానైట్ వెయ్యండి, బాత్రూములు కడిగేవాళ్లకి యాసిడ్ వాడొద్దని ముందే చెప్పండి.

వారమంతా తాళం వేసి ఉండే ఇల్లు కదా, కిటికీలు మూసినా గాలాడేలా రెండు ఎదురెదురు గోడల్లో పైన ఇటుక జాలీలు వదిలి లోపల దోమల మెష్ కొట్టించండి, లేకపోతే వానాకాలంలో తలుపు తియ్యగానే ముక్కిపోయిన వాసన కొడుతుంది. మీ ప్లాటు నల్లరేగడి అయితే వానకి ఉబ్బి ఎండకి నెర్రెలిస్తుంది, రాతి గోడలకి పగుళ్లొస్తాయి, సాయిల్ టెస్ట్ చేయించాకే పునాది లోతు తేల్చుకోండి.