జిల్లాకు పాతికేళ్ల ప్రణాళిక వేసేవాళ్లు ముందు ఒక అరటి గెల వెంట నడవాలి

"ఒక జిల్లాకు పాతికేళ్ల ఆర్థిక ప్రణాళిక వేయాలంటే ముందు దేన్ని పట్టుకోవాలి? పరిశ్రమలా, వ్యవసాయమా, పర్యాటకమా?" అని అడిగారు. మాది అనంతపురం జిల్లా, నార్పల మండలం. నన్నడిగితే ఈ మూడూ కాదు. మీ జిల్లాలో ఇప్పటికే బాగా పండే సరుకు ఒక్కటి తీసుకోండి. అది పుట్టిన చోటు నుంచి జిల్లా పొలిమేర దాటేదాకా దాని వెంట నడవండి. దారి పొడుగునా డబ్బు ఎవరి చేతిలో పడుతోందో చూడండి. మనవాళ్ల చేతిలో పడని చోటు కనిపిస్తే ప్రణాళిక అక్కడ మొదలవ్వాలి. ఈ మాట నేను పుస్తకాలు చదివి చెప్పడం లేదు, మా తోటలో ఒక్క రోజులో నాకు తెలిసొచ్చింది.

మాకు నాలుగెకరాలుంది. మా నాయన బతికినంత కాలం శెనక్కాయే వేశాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే సీమ మాది. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగేటప్పుడు వాన రాకపోతే ఇంటికొచ్చేది కట్టె మాత్రమే. ఒకప్పుడు ఉమ్మడి జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లు ఆ ఒక్క పంటనే నమ్ముకుని ఉండేవి. నేను డిగ్రీ అయినాక బెంగుళూరు పోయి ఒక కంపెనీలో పదకొండేళ్లు లెక్కలు రాశాను. తిరిగొచ్చి బోరు కింద డ్రిప్పు వేయించి జీ-9 రకం అరటి పెట్టాను.

ఆ రోజు మా తోటలో ఎగుమతి కోత. తెల్లవారుజామునే లారీలో నీళ్ల తొట్లు, కాటా, అట్టపెట్టెలు, ఫోమ్ షీట్లు దిగాయి. వాటితోపాటు పద్నాలుగు మంది కుర్రోళ్లు దిగారు. అందరూ బెంగాల్ నుంచి వచ్చినవాళ్లే. గెలను నేల తాకనీయకుండా భుజం మీద మెత్త వేసుకుని మోసుకొచ్చారు. ఒకడు వంకర కత్తితో కాడను ఆనించి అత్తం (గెలలోని ఒక్కో కాయల గుత్తి) మీద అత్తం కోసి తొట్లోకి జారవిడుస్తున్నాడు. కోసిన చోట పాలు కారి కాయకు మరక పట్టకుండా ఆ నీళ్లలో పటిక కలిపారు. ఇంకొకడు కాయల కొసన ఎండిపోయిన పూలను వేలితో రాల్చేస్తున్నాడు. అత్తం ఎత్తి, దాని ఒంపు చూసి, పెట్టెలో ఎటు తిప్పి పడుకోబెట్టాలో చెప్పేది మరొకడు. వాడు ఒక్క అత్తాన్ని కూడా రెండోసారి తిప్పి పెట్టలేదు. పెట్టెకు 13 కిలోలు. గోరు గీసుకున్న కాయ కనబడితే పక్కన పారేయడమే. ఓడ గల్ఫ్ రేవు చేరేసరికి ఆ గీత నల్లటి మచ్చ అవుతుందట.

గట్టు మీద మా చిన్నాయన కూర్చుని చూస్తున్నాడు. ఆయన కొడుకు బెంగుళూరులో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర కాపలా ఉంటాడు. చాలాసేపు చూసి, "ఏం రా, ఈ పని మన పిల్లోళ్లకు చేతగాదా?" అన్నాడు.

నాకొచ్చిన హిందీలో వాళ్ల మేస్త్రిని అడిగాను, ఈ పని నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందని. పదిహేను రోజులన్నాడు. కత్తి పట్టేవాడికైతే నెల. వాళ్లకు కూలి పెట్టె లెక్కన. సాయంత్రం లెక్క వేస్తే మా ఊళ్లో దినకూలికి రెండింతలు పైనే పడింది. పెట్టెల మీద అచ్చేసిన చిరునామా కూడా వేరే రాష్ట్రానిదే. భూమి మాది, నీళ్లు మావి, పదకొండు నెలల కష్టం మాది. కాయ గెల నుంచి వేరుపడిన నిమిషం నుంచి వచ్చే ప్రతి రూపాయీ బయటివాళ్లది. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు, వాళ్లూ మావాళ్ల లాగే ఊరొదిలి వచ్చినవాళ్లు.

మా మండలంలోని బండ్లపల్లి పేరు మీరు వినే ఉంటారు. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ఆ ఊళ్లోనే మొదలుపెట్టారు. కరువు ఏళ్లలో ఆ కూలి డబ్బు మా వైపు ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను పోట్లాడతాను. కానీ ఇన్నేళ్లలో మట్టి తవ్విన చేతికి దాని పైమెట్టు పని ఎవరూ నేర్పలేదు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై జేఎన్‌పీటీ రేవుకు 43 చల్లటి కంటైనర్లలో 980 టన్నుల అరటితో రైలు పోయింది. ఆ రోజు నాకూ గర్వంగానే అనిపించింది. ఆ రైలెక్కే పెట్టె ఎవరు కట్టారని మాత్రం అప్పట్లో నాకూ తట్టలేదు.

2024లో రాష్ట్ర ప్రభుత్వం 2047 విజన్ పేరుతో మా దగ్గర సలహాలడిగే సమావేశం పెడితే పోయాను. మొదటి కాగితం మీదే 15 శాతం వృద్ధి అని ఉంది. నేను రాసిచ్చింది ఒక్కటే: మండలంలో అరవై మందికి రెండు నెలలు కోత, ప్యాకింగ్ నేర్పండి, నీళ్లు, కరెంటు ఉన్న షెడ్డు ఒకటి కట్టండి, అట్టపెట్టెలు చేసే చిన్న యూనిట్‌కు అప్పు ఇప్పించండి. అక్కడ రాసుకుంటున్న అబ్బాయి మర్యాదస్తుడు. "సార్, దీన్ని ఏ రంగం కింద వేయమంటారు? వ్యవసాయమా, పరిశ్రమా, నైపుణ్యమా?" అని అడిగాడు. మూడూ అన్నాను. మూడు గళ్లలో వేయడానికి లేదన్నాడు. మీ ప్రశ్న చదవగానే నాకు ఆ గళ్లే గుర్తొచ్చాయి, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

1999లోనూ రాష్ట్రం విజన్ 2020 తెచ్చింది. శాతాలు అప్పుడూ ఉన్నాయి. మా వైపు నిజంగా బతుకులు మార్చింది మాత్రం నీళ్లు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరి, 2019లో కార్లు బయటికొచ్చాయి. మొదట్లో ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. రాయితీలకు వచ్చారని అందరూ అంటారు. హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరుకు చేరకపోయి ఉంటే ఎన్ని రాయితీలిచ్చినా వాళ్లు వచ్చేవాళ్లు కాదని నా గట్టి నమ్మకం. ఆ తర్వాత 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండైంది, కియా శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. ఎవరి జేబులోనూ రూపాయి అటూ ఇటూ కాకుండానే మా జిల్లా లెక్కలు మారిపోయాయి. అందుకే జిల్లా సగటు ఆదాయం చూసి ప్రణాళిక వేయొద్దంటాను.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. మా హెచ్చెల్సీ (ఎగువ కాలువ)కు ఆధారం తుంగభద్ర డ్యాము. దాని నిల్వ మొదట్లో 132 టీఎంసీలు, పూడిక చేరి ఇప్పుడు 105 చిల్లర. 2024 ఆగస్టులో 19వ గేటే కొట్టుకుపోయింది. అరటి నీళ్లు తాగే పంట. మా వైపు 2047 దాకా చూసే కాగితంలో పూడిక మీద ఒక పేజీ లేకపోతే అది నా దృష్టిలో ప్రణాళికే కాదు.

ఇంకో మాట. రాజ్యాంగంలో 243-జెడ్‌డీ అధికరణం ప్రకారం ప్రతి జిల్లాకూ ప్రణాళికా కమిటీ ఉండాలి, అందులో ఐదింట నాలుగు వంతుల మంది స్థానిక సంస్థల్లో గెలిచినవాళ్ల నుంచి ఎన్నికవ్వాలి. పొలం గట్టు మీద కూర్చున్న మా చిన్నాయన ప్రశ్న చేరాల్సిన చోటు అదే. చీనీ (బత్తాయి) కాయలు అమ్మబోతే నాకు టన్నుకు క్వింటా సూటు పేరుతో తూకంలో కోత పెట్టిన సంగతి కూడా అక్కడికే చేరాలి. లోడుకు పదో వంతు ఊరికే పోతుంటే ఏ శాతాలు పెరిగి రైతుకేం లాభం?

మీరు ఏ జిల్లా గురించి అడుగుతున్నారో రాయలేదు. రాయదుర్గంలో జీన్స్ కుట్టేవాళ్లున్నారు, ధర్మవరంలో పట్టు మగ్గాలున్నాయి, మీ దగ్గరా అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. ముందు దాని పేరు చెప్పండి, తర్వాత మాట్లాడుకుందాం.

మొన్నటి కోతకు మేస్త్రిని బతిమాలి మా ఊరి పిల్లోళ్లిద్దరిని తొట్టి దగ్గర నిలబెట్టాను. మొదటి రోజు సగం పెట్టెలు విప్పి మళ్లీ సర్దాల్సొచ్చింది, నాలుగో రోజుకు విప్పే పని లేకపోయింది. కార్తీకంలో వచ్చే కోతకు నలుగురిని తీసుకుంటానని మేస్త్రి ఒప్పుకున్నాడు. వాళ్లలో ఒకడు మా చిన్నాయన కొడుకు. అట్టపెట్టెల యూనిట్ అప్పు సంగతి ఇంకా తేలలేదు.