ఆకులోంచి వచ్చిన విటమిన్, ఫ్యాక్టరీలోంచి వచ్చిన విటమిన్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాకు ఇరవై ఆరేళ్ళు, పెళ్ళై ఏడాదైంది. పిల్లల కోసం అనుకుంటున్నామని చెప్పగానే డాక్టరమ్మ రోజూ ఒక ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోమన్నారు. అది ఫ్యాక్టరీలో చేసిన రసాయనమనీ, ఒంటికి పట్టదనీ, దాని బదులు పాలకూర, మునగాకులతో చేసిన ‘హోల్ ఫుడ్’ క్యాప్సూల్స్ వాడమనీ మా ఆడపడుచు అంటున్నారు. ఆ క్యాప్సూల్స్ అమ్మేది ఆవిడే. నెలకు 1,800 రూపాయలవుతుంది. ఎవరి మాట వినాలి? (ఒక పాఠకురాలు, తణుకు)

జవాబు: ఈ విషయంలో మీ డాక్టరమ్మ చెప్పినట్టే చేయండమ్మా. మాత్రను ఒక్క రోజు కూడా మానవద్దని ముందుగానే చెబుతున్నాను, ఎందుకంటే ఇక్కడ పోగొట్టుకున్న రోజులు మళ్ళీ దొరకవు.

బిడ్డకు మెదడుగా, వెన్నుపాముగా ఎదిగే నాడీనాళం గర్భం నిలిచిన 28 రోజుల లోపే మూసుకుంటుంది. అంటే నెల తప్పిందని గమనించి, పరీక్ష చేయించుకుని, ఆసుపత్రికి వెళ్ళేసరికే చాలామందిలో ఆ పని అయిపోయి ఉంటుంది. ఆ కొద్ది రోజుల్లో తల్లి రక్తంలో ఫోలేట్ (ఆకుకూరల్లో ఉండే ఒక బి విటమిన్, దాని ఫ్యాక్టరీ రూపమే ఫోలిక్ యాసిడ్) చాలకపోతే ఆ నాళం సరిగా మూసుకోక, వెన్నెముక తెరుచుకుపోయిన బిడ్డ, కొన్నిసార్లు పుర్రె పైభాగమే ఏర్పడని బిడ్డ పుట్టే ప్రమాదం పెరుగుతుంది. బ్రిటన్‌లోని మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఏడు దేశాల్లో జరిపి 1991లో ఫలితాలు ప్రకటించిన పరీక్షలో, అంతకుముందు అలాంటి బిడ్డను కన్న తల్లులకు గర్భానికి ముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇస్తే, ఆ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. వాళ్ళకు ఇచ్చింది మీ ఆడపడుచు వద్దంటున్న సింథటిక్ మాత్రే. నాడీనాళ లోపాలను అడ్డుకుంటుందని ఇలా మనుషుల్లో పరీక్షించి రుజువు చేసిన రూపం ఫోలిక్ యాసిడ్ ఒక్కటే. పాలకూర పొడి క్యాప్సూల్‌కు అలాంటి రుజువు లేదు. మామూలుగా గర్భం కోరుకునే స్త్రీకి రోజుకు 400 మైక్రోగ్రాములు సరిపోతాయి. మధుమేహం ఉన్నవారు, మూర్ఛకు మందులు వాడుతున్నవారు, ఇదివరకు అటువంటి బిడ్డను కన్నవారు మాత్రం ఎక్కువ మోతాదు వాడవలసి ఉంటుంది కనుక ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇక ‘ఒంటికి పట్టదు’ అన్న మాట వాస్తవానికి పూర్తిగా తలకిందులు. తోటకూరలోనో పెసరపప్పులోనో ఉండే ఫోలేట్‌లో సుమారు సగం మాత్రమే మన శరీరానికి అందుతుంది. ఉడికించి నీళ్ళు వార్చేస్తే అందులోనూ కొంత పోతుంది. అదే ఫోలిక్ యాసిడ్ మాత్రను భోజనంతో వేసుకుంటే సుమారు 85 శాతం, పరగడుపున వేసుకుంటే దాదాపు మొత్తం అందుతుంది. కొందరి జన్యువుల్లో తేడా వల్ల ఫోలిక్ యాసిడ్ అసలు పనిచేయదని కూడా అమ్మకందారులు చెబుతుంటారు. ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే ఆ జన్యువులో తేడా ఉన్నవారి శరీరం కూడా ఫోలిక్ యాసిడ్‌ను వాడుకోగలదు.

ఈ మాత్ర చరిత్రలో మన దేశానికీ, మీ జిల్లాకూ భాగం ఉంది. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరు, అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే స్త్రీలకు గర్భంతో ఉన్నప్పుడు వచ్చే తీవ్రమైన రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతుందని 1931లో ప్రకటించారు. ఆ సారంలో పనిచేస్తున్నదేమిటో పట్టుకోవడానికి మరో పదేళ్ళు పట్టింది. 1941లో అమెరికాలోని టెక్సస్‌లో శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఆ పదార్థాన్ని అతి కొద్ది పరిమాణంలో వేరు చేయగలిగారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల బృందం 1945లో దాన్ని కృత్రిమంగా తయారు చేసింది. టన్నుల కొద్దీ ఆకు అక్కర్లేకుండా, అందరికీ అందే ధరలో, ప్రతి మాత్రలోనూ ఒకే మోతాదు ఉండేలా తయారు చేసే వీలు కలిగింది అందువల్లే. నాలుగో నెల నుంచి ఆశా కార్యకర్త మీకు ఉచితంగా ఇచ్చే ఎర్రటి ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు ఉండే 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ కూడా ఈ కోవలోదే. దాన్ని రసాయనమని తీసిపారేస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఆకుకూరలు మాత్రం మానకండి. వాటిలోని పీచు, ఇనుము, కెరోటిన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలో ఉండవు. రోజూ గుప్పెడు మునగాకు పప్పులో వేసుకుంటే క్యాప్సూల్‌లో దొరికే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఆకు తిన్నట్టు. ఇప్పటికే ఆ క్యాప్సూల్స్ కొని ఉంటే, వాటి పెట్టె మీద విటమిన్ ఎ రెటినాల్ రూపంలో ఉందేమో చూడండి. గర్భంతో ఉన్నప్పుడు రెటినాల్ రోజుకు 10,000 యూనిట్లు దాటితే శిశువుకు ప్రమాదం, అది కాడ్ చేప కాలేయం నూనె నుంచి సహజంగా వచ్చినదైనా సరే. మీ ఆడపడుచుతో గొడవ పడనక్కర్లేదు. బిడ్డ పుట్టేదాకా డాక్టరు రాసినవి తప్ప మరేమీ వేసుకోనని చెప్పండి, చాలు.

ప్రశ్న: మందుల షాపులో చప్పరించే విటమిన్ సి మాత్ర రెండు రూపాయలకు వస్తుంటే, ‘నూటికి నూరుపాళ్ళు ఉసిరి నుంచి’ అని రాసిన 500 మిల్లీగ్రాముల విటమిన్ సి మాత్ర ఇరవై రూపాయలు పలుకుతోంది. తేడా ఉందంటారా? (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్)

జవాబు: విటమిన్ సి వరకు చూస్తే తేడా లేదండీ. ఉసిరిలో ఉన్నదీ, మొక్కజొన్న పిండి నుంచి తీసిన గ్లూకోజును బ్యాక్టీరియా సాయంతో మార్చి ఫ్యాక్టరీలో తయారు చేసేదీ ఒకే ఆస్కార్బిక్ ఆమ్లం. అణువులో ఏ భేదమూ లేదు. మనుషులకు రెండూ ఇచ్చి పోల్చి చూసిన పరీక్షల్లో రక్తంలోకి చేరడంలో చెప్పుకోదగ్గ వ్యత్యాసం కనబడలేదు.

మీరు లెక్కలు చెప్పిన మాస్టారో కాదో తెలియదు గానీ, ఆ మాత్ర మీద ఉన్న అంకెను ఒకసారి లెక్కగట్టి చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి ఉసిరికాయల్లో సుమారు 250 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. కాయలో ఎనభై శాతానికి పైగా నీరే కనుక, ఎండబెడితే ఆ 100 గ్రాములు 15 గ్రాముల పొడిగా మిగులుతాయనుకుందాం. ఆరబెట్టడంలో విటమిన్ ఏమాత్రం పోలేదని ఉదారంగా ఒప్పుకున్నా, ఒక గ్రాము పొడిలో ఉండేది 17 మిల్లీగ్రాములు. 500 మిల్లీగ్రాములు కావాలంటే 30 గ్రాముల పొడి మింగాలి. అది ఒక మాత్రలో పట్టదు. కనుక ఆ మాత్రలో సింథటిక్ విటమిన్ కలిసి ఉండాలి, లేదా కాయ నుంచి సారాన్ని బాగా గాఢంగా తీసి ఉండాలి. గాఢత పెంచేకొద్దీ కాయలోని మిగతా పదార్థాలు తొలగిపోతాయి కాబట్టి, అప్పుడు దాన్ని ‘పూర్తి ఆహారం’ అనడానికి ఆధారమే ఉండదు.

బి విటమిన్ల మాత్రల విషయంలోనూ పెట్టె వెనక వైపు చిన్న అక్షరాలు చదవండి. ముందు వైపు పండ్లు, కూరగాయల బొమ్మలుండి, వెనక పైరిడాక్సిన్ హైడ్రోక్లోరైడ్, థయమిన్ మోనోనైట్రేట్ అని ఉంటే అవి ఫ్యాక్టరీ రూపాలే. ఏ కూరగాయలోనూ ఆ రూపంలో ఉండవు. కొన్ని కంపెనీలు సింథటిక్ విటమిన్లను ఈస్ట్‌కు మేతగా వేసి, ఆ ఈస్ట్‌ను ఎండబెట్టి ‘ఆహార ఆధారితం’ అని అమ్ముతాయి. ఆ విటమిన్లు చెడ్డవని నేననడం లేదు, వాటికి పదింతల ధర పెట్టడమే అన్యాయం.

నిజానికి మీకు ఈ రెండు మాత్రల్లో ఏదీ అవసరం ఉండకపోవచ్చు. పురుషులకు రోజుకు కావలసింది 80 మిల్లీగ్రాములు. 100 గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైగానే ఉంటుంది. ఒకేసారి 1,000 మిల్లీగ్రాములు దాటి వేసుకుంటే శరీరం సగం కూడా గ్రహించదు, మగవారిలో మూత్రపిండాల్లో రాళ్ళు ఏర్పడే అవకాశమూ పెరుగుతుంది.

ప్రశ్న: అయితే సహజం, సింథటిక్ అన్న తేడా ఏ విటమిన్‌లోనూ లేనట్టేనా? (ఒక పాఠకుడు, బళ్ళారి)

జవాబు: ఉంది, విటమిన్ ఇ విషయంలో. మొక్కల నూనెల నుంచి వచ్చే ఆల్ఫా టోకోఫెరాల్ ఒకే ఆకృతిలో ఉంటుంది. సింథటిక్‌లో ఎనిమిది ఆకృతులు కలిసి ఉంటాయి, వాటిలో నాలుగింటిని మాత్రమే కాలేయం నిలుపుకుంటుంది. పెట్టె మీద ‘డి ఆల్ఫా’ అని ఉంటే సహజం, ‘డిఎల్ ఆల్ఫా’ అని ఉంటే సింథటిక్. సహజ రకం మిల్లీగ్రాముకు సుమారు రెట్టింపు పనిచేస్తుందని ప్రమాణాలు లెక్కిస్తాయి.

అంతమాత్రాన సహజ విటమిన్ ఇ క్యాప్సూల్ మేలు చేస్తుందని కాదు. 2000లో వెలువడిన హోప్ అనే పరీక్షలో గుండె జబ్బు ముప్పున్న తొమ్మిది వేల మందికి పైగా పాల్గొనగా, వారిలో సుమారు సగం మందికి సహజ మూలాల నుంచి తీసిన 400 యూనిట్ల విటమిన్ ఇ ఏళ్ళ తరబడి ఇచ్చినా గుండెపోట్లు తగ్గలేదు. అదే పరీక్షను మరికొన్నేళ్ళు కొనసాగించినప్పుడు గుండె వైఫల్యం కాస్త పెరిగింది. సెలెక్ట్ అనే మరో పరీక్షలో సింథటిక్ రకం వాడిన పురుషుల్లో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో తేలింది. చర్మానికీ జుట్టుకూ మంచిదని ఆకుపచ్చ క్యాప్సూల్స్ నెలల తరబడి మింగేవారు, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడేవారు, డాక్టరును అడగకుండా కొనసాగించకూడదు. గుప్పెడు వేరుశనగలతోనో పొద్దుతిరుగుడు నూనెతోనో వచ్చే విటమిన్ ఇతో ఈ చిక్కులేవీ లేవు.

ప్రశ్న: మా నాన్నగారికి అరవై మూడేళ్ళు, శాకాహారి, పన్నెండేళ్ళుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. కొంతకాలంగా అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. బి12 తక్కువగా ఉందని తేలింది. ఇంజెక్షన్లు, మాత్రలు వద్దు, స్పిరులినా (నీటిలో పెరిగే ఒక రకం నాచు) సహజం కదా అని అదే వాడుతున్నారు. (ఒక పాఠకురాలు, డాలస్, అమెరికా)

జవాబు: మీ నాన్నగారు దయచేసి స్పిరులినాను బి12గా లెక్కపెట్టడం ఈ రోజే మానేయాలి. అందులో ఎక్కువగా ఉండేది బి12ను పోలిన, మన శరీరానికి పనికిరాని పదార్థం. బ్యాక్టీరియాతో చేసే పాత పద్ధతి పరీక్షలో అది కూడా బి12గానే లెక్కకు వస్తుంది కనుక సీసా మీది అంకె ఘనంగా కనబడుతుంది, రక్తంలో మాత్రం మార్పు రాదు.

బి12 దగ్గర సహజం, సింథటిక్ అన్న వాదనకు అర్థమే లేదు. ప్రకృతిలో దాన్ని తయారు చేసేవి బ్యాక్టీరియా వంటి సూక్ష్మజీవులే; మొక్కలు గానీ జంతువులు గానీ చేయలేవు. మాంసంలో, పాలల్లో ఉన్నదీ బ్యాక్టీరియా చేసినదే, మందుల షాపు మాత్రలో ఉన్నదీ ట్యాంకుల్లో పెంచిన బ్యాక్టీరియా చేసినదే. రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాములకు కాస్త పైన మాత్రమే అయినా, మాత్రలో వందల మైక్రోగ్రాములు ఎందుకుంటాయంటే, జీర్ణాశయం నుంచి వచ్చే ఒక ప్రోటీన్ ఒక్కో విడతలో ఒకటి రెండు మైక్రోగ్రాములను మాత్రమే మోయగలదు. ఆపైన ఉన్నదాంట్లో నూటికి ఒక వంతు నేరుగా పేగుల్లోంచి చేరుతుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 గ్రహింపు తగ్గుతుంది, శాకాహారం వల్ల రాబడి కూడా తక్కువ. ఆయనకు రెండూ తోడయ్యాయి.

తిమ్మిర్లను షుగరు వల్లనే అని వదిలేయవద్దు. బి12 లోటు వల్ల నరాలు దెబ్బతింటూ పోతే కొంతకాలానికి ఆ నష్టం తిరిగి పూడదు. ఇదే సమయంలో ఎవరైనా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తహీనత మెరుగుపడినట్టు కనబడి, నరాల జబ్బు మాత్రం లోపల ముదురుతుంది. ఇంజెక్షన్లా, మాత్రలా అన్నది ఆయన డాక్టరు నిర్ణయించాలి. మెట్‌ఫార్మిన్‌ను మాత్రం సొంతంగా ఆపకూడదు. చికిత్స మొదలైన రెండు మూడు నెలలకు రక్తపరీక్ష మళ్ళీ చేయించి, ఆ కాగితాన్ని, స్పిరులినా సీసాను కూడా డాక్టరుకు చూపించమనండి. పాలు, పెరుగు రోజూ తీసుకోమనండి. ఆయన తినే తిండిలో నిజమైన బి12 దొరికేది వాటిలోనే.