గేట్‌వే పక్కనున్న నోడ్లే ముందు ఎందుకు ఆగిపోతున్నాయి?

ప్రశ్న: అనంతపురం దగ్గర బత్తాయి తోటలో నేల తేమ కొలిచే 24 నోడ్లు (సెన్సర్, రేడియో ఉన్న చిన్న పరికరాలు) పెట్టాం. ఒక్కోదానిలో రెండు డబుల్ ఏ సెల్స్, సీసీ2420 రేడియో. నిమిషానికోసారి రీడింగ్ పంపుతాయి. అన్ని రీడింగులూ చేరే గేట్‌వే మోటారు షెడ్డులో కరెంటు మీద నడుస్తుంది. దానికి దగ్గరున్న మూడు నోడ్లు నాలుగు నెలలకే ఆగిపోయాయి, మిగతావి పనిచేస్తున్నాయి. రూటింగ్ ప్రోటోకాల్ (డేటా ఏ నోడ్ మీదుగా పోవాలో తేల్చే నియమాలు) మార్చాలా?

జవాబు: అప్పుడే మార్చకండి. మిగతా 21 నోడ్ల డేటా ఆ మూడింటి మీదుగానే పోతోంది. సమానంగా పంచుకున్నా, ఒక్కోటి తనది ఒకటి, వెనకవాటివి ఏడు, మొత్తం 8 ప్యాకెట్లు నిమిషానికి పంపాలి.

ముందు గేట్‌వేలో ఉన్న ఫర్మ్‌వేర్ (లోపలి ప్రోగ్రాం) చూడండి. నోడ్లకు వేసిందే దానికీ వేసి ఉంటే, కరెంటు ఉండి కూడా అది వాటిలాగే నిద్రపోతూ లేస్తూ ఉంటుంది. రేడియో అరసెకనుకోసారి లేచి 5 మిల్లీసెకన్లు వింటుందనుకుందాం. గేట్‌వే లేచేదాకా నోడ్ అదే ప్యాకెట్‌ను మళ్లీమళ్లీ పంపుతూనే ఉంటుంది, సగటున పావు సెకను. 8 ప్యాకెట్లకు నిమిషంలో 2 సెకన్లు. పంపేటప్పుడు 17.4 మిల్లీఆంప్‌లు కాబట్టి సగటున 0.58 మిల్లీఆంప్‌లు. వినడానికి అయ్యే 0.19 కలిపితే 0.77. సెల్స్ 2500 మిల్లీఆంప్-అవర్లు ఇస్తాయనుకుంటే 135 రోజులు. మీ నాలుగు నెలలకు దగ్గరగానే ఉంది. తోట చివర నోడ్‌కు లెక్క 0.26 మాత్రమే, అంటే ఏడాది పైనే.

గేట్‌వే రేడియోను ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే మొదటి ప్యాకెట్‌కే జవాబు వస్తుంది, నోడ్ వెంటనే ఆపేస్తుంది. అలాగని డ్యూటీ సైక్లింగ్ లేయర్‌ను (నిద్ర, మెలకువలను నడిపే భాగాన్ని) గేట్‌వేలో పూర్తిగా పీకేయకండి. గేట్‌వే నుంచి నోడ్లకు వెళ్లే ఆదేశాలను, అవి నిద్ర లేచేదాకా, మళ్లీమళ్లీ పంపాల్సిందే. కాంటికీ (ఇలాంటి నోడ్ల ఆపరేటింగ్ సిస్టమ్) ఇచ్చే బోర్డర్ రౌటర్, అంటే గేట్‌వే, ఉదాహరణ కోడ్‌లో రేడియోను మాత్రమే ఆన్‌లో ఉంచే లైను ఒకటి ఉంది, అది చాలు.

ఇక భారం ఆ మూడింటి వెనకున్న రెండో వరస నోడ్ల మీద పడుతుంది. అక్కడ గేట్‌వే చిట్కా పనికిరాదు, ఎందుకంటే వాటి ముందున్నవి నిద్రపోయే నోడ్లే. అసలు నేల తేమ నిమిషానికోసారి ఏం మారుతుంది? 15 నిమిషాలకోసారి పంపితే చాలు. పంపే ఖర్చు 15వ వంతుకు పడిపోతుంది. డ్రిప్ వదిలిన గంటసేపు కావాలంటే వేగం పెంచుకోండి.

ప్రశ్న: సిమ్యులేషన్‌లో లీచ్ ప్రోటోకాల్ (నోడ్లు వంతులవారీగా పక్కవాటి డేటాను పోగుచేసి పంపే పద్ధతి) నెట్‌వర్క్ ఆయుష్షును బాగా పెంచుతోంది. నిజం నోడ్ల మీద తేడా కనబడదెందుకు? (ఎంటెక్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: 2000లో హైంజల్‌మన్ బృందం ప్రతిపాదించిన లీచ్‌లో రేడియో నమూనా చాలా సరళం: బిట్‌కు 50 నానోజౌల్స్, దూరం వర్గానికి బిట్‌కు 100 పికోజౌల్స్. ఆ నమూనాలోనే 2000 బిట్ల ప్యాకెట్‌కు లెక్క వేయండి. 40 మీటర్లు నేరుగా పంపితే 420 మైక్రోజౌల్స్, మధ్యలో ఒక నోడ్ పెడితే 460. సుమారు 45 మీటర్లు దాటాకే మధ్య నోడ్ లాభం.

నిజం చిప్ ఇంకా మొండిది. సీసీ2420లో పవర్‌ను 0 నుంచి మైనస్ 25 డీబీఎంకు (రేడియో పవర్ కొలమానం) తగ్గించినా కరెంటు 17.4 మిల్లీఆంప్‌ల నుంచి 8.5కే దిగుతుంది. వినడానికేమో 18.8, అంటే పంపడం కన్నా ఎక్కువ. మీ సిమ్యులేషన్‌లో ఊరికే వింటూ కూర్చునే ఖర్చు సున్నా అయితే ఆ గ్రాఫులు నమ్మకండి.

ప్రశ్న: మిగిలిన బ్యాటరీ చూసి దారి ఎంచుకునేలా రాశాను. లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్స్‌తో అది పనిచేయడం లేదు.

జవాబు: ఆ సెల్ వోల్టేజీ దాదాపు చివరిదాకా 3.6 వోల్టుల దగ్గరే నిలబడి ఒక్కసారిగా కూలుతుంది. ఆల్కలైన్‌లా క్రమంగా దిగదు. వోల్టేజీ వదిలేసి రేడియో ఎంతసేపు ఆన్‌లో ఉందో లెక్కబెట్టండి. కాంటికీలో ఎనర్జెస్ట్ అనే భాగం చేసేది అదే. చిన్న తేడాకే పేరెంట్‌ను (డేటాను ముందుకు అందించే నోడ్‌ను) మార్చకండి, మార్పు కబుర్లకే బ్యాటరీ అయిపోతుంది. ఆర్‌పీఎల్ అనే రూటింగ్ ప్రోటోకాల్‌లో ఈటీఎక్స్ (ఒక ప్యాకెట్ చేరడానికి సగటున ఎన్నిసార్లు పంపాలో చెప్పే లెక్క) తేడాకు సిఫార్సు చేసిన హద్దు 1.5.