టెక్ సందేహాలు: అమెరికా డిస్క్, హనుమకొండ టీవీ

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్న మా అమ్మాయి రెండు డీవీడీలు పంపింది. ఒకటి మనవరాలి నాట్య ప్రదర్శన, అక్కడే వీడియో తీయించినది. రెండోది కొన్న కార్టూన్ సినిమా. నాట్యం డిస్క్ వేస్తే బొమ్మ తెలుపు నలుపుల్లో వస్తూ పైకి జారిపోతోంది. కార్టూన్ అసలు మొదలే కాదు, రీజియన్ తప్పు అంటోంది. మాది పాత టీవీ. పిక్చర్ ట్యూబు పోయిందని మెకానిక్ అంటున్నారు. కొత్తది కొనాలా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఆగండమ్మా. ఇదే టీవీలో వార్తలు రంగుల్లో, నిలకడగా వస్తున్నాయా? వస్తుంటే ట్యూబుకు ఏ జబ్బూ లేదు.

మీ రెండు డిస్క్‌ల సమస్యలు వేరు. నాట్యం డిస్క్ అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో తయారైంది. అందులో బొమ్మకు 525 గీతలు, సెకనుకు దాదాపు 30 ఫ్రేములు. మన పాల్ పద్ధతిలో 625 గీతలు, 25 ఫ్రేములు. రంగును పంపే తీరు కూడా వేరు. పాల్ ఒక్కటే తెలిసిన పాత టీవీకి ఆ రంగు అందదు, ఆ వేగమూ అందదు. అందుకే నలుపు తెలుపు, అందుకే ఆ జారుడు. డిస్క్ బయటికి తీసి, ప్లేయర్ రిమోట్‌లో సెటప్ నొక్కండి. టీవీ టైప్ లేదా టీవీ సిస్టమ్ అన్నచోట ఆటో, మల్టీ, ఎన్‌టీఎస్‌సీలలో ఏదున్నా పాల్‌కు మార్చండి. చాలా ప్లేయర్లు అక్కడినుంచి తామే మార్చి పంపుతాయి. మనవరాలు రంగుల్లో, నేలమీద నిలబడి ఆడుతుంది.

కార్టూన్‌కు ఈ చిట్కా పనిచేయదు. అట్ట వెనుక చిన్న భూగోళం బొమ్మలో 1 అని ఉంటుంది చూడండి. డీవీడీల కోసం ప్రపంచాన్ని ప్రాంతాలుగా పంచి నంబర్లు ఇచ్చారు, అవే రీజియన్లు. అమెరికా రీజియన్ 1, మనది 5. డిస్క్ నంబరు, ప్లేయర్ నంబరు కలిస్తేనే బొమ్మ ఆడుతుంది. ఇది సినిమా కంపెనీలు వ్యాపారం కోసం వేసుకున్న తాళం; డబ్బు పెట్టి కొన్న డిస్క్‌ను కొన్నవారే చూడలేకపోవడం నాకైతే ఎప్పటికీ మింగుడు పడదు. అన్ని రీజియన్లూ ఆడించే ప్లేయరే దీనికి దారి. దాన్ని అమెరికానుంచి మాత్రం తెప్పించకండి. ఆ ప్లేయర్ రీజియన్ 1కే కట్టుబడి ఉండవచ్చు, పైగా అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. మా బంధువు ఒకరు ప్లగ్గు ఒక్కటి మార్చి స్విచ్ వేశారు. బొమ్మకంటే ముందు పొగ వచ్చింది. వెనుక స్టిక్కర్‌పై 100-240 అని ఉంటేనే భయం లేదు.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో అమెరికా డిస్క్ పెడితే రీజియన్ మార్చమంటుంది, ఇంకా 4 సార్లే అవకాశం అంటుంది. విండోస్ మళ్లీ వేస్తే లెక్క మొదటికి వస్తుందా?
- కాజీపేట పాఠకుడు

జవాబు: రాదు. ఆ లెక్క విండోస్‌లో కాదు, డీవీడీ డ్రైవ్‌లోనే ఉంటుంది. మొత్తం 5 సార్లు. అయిదోసారి ఏది పెడితే అదే ఖాయం. ఇక్కడి డిస్క్‌లూ చూసేవారైతే లోపలి డ్రైవ్‌ను 5 మీదే ఉంచి, యూఎస్‌బీ డ్రైవ్ ఒకటి కొని దానికి 1 పెట్టండి. ఏ డ్రైవ్ దేనికో పైన స్కెచ్ పెన్‌తో రాసుకోండి.