పాత పసిఫికా 012 తీసుకునే ముందు

యమహా పసిఫికా 012 ఎలక్ట్రిక్ గిటార్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది, తీగలు గరగరమంటున్నాయి, తీసుకోవచ్చా అన్నారు కదండీ. గరగర ఒక్కటే అయితే వదులుకోకండి. ముందు నెక్ (తీగలు నొక్కే పొడవాటి భాగం) చూడాలి. ట్యూన్ చేసి, ఆరో తీగని (అన్నిటికంటే లావుది) మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గరా, నెక్ బాడీలో కలిసే చోటా ఒకేసారి నొక్కిపట్టండి. ఏడో ఫ్రెట్‌కీ తీగకీ మధ్య 0.2 నుంచి 0.3 మి.మీ. సందు ఉండాలి. సందే లేకపోతే ట్రస్ రాడ్ (నెక్ లోపల దాని వంపుని సరిచేసే లోహపు కడ్డీ) మరీ బిగిసినట్టు. పావు చుట్టు వదులు చేస్తే చాలాసార్లు గరగర తగ్గిపోతుంది. ఆ పావు చుట్టు అమ్మేవాళ్ల ఎదుటే తిప్పించండి. ట్రస్ రాడ్‌ని తిప్పే నట్ కదలకపోయినా, అరిగిపోయి అలెన్ కీ జారుతున్నా ఎంత చవకైనా వద్దు. ఈ ధరలో నెక్ పనికి పెట్టే డబ్బు తిరిగిరాదు.

ఒకే చోట గరగరమంటే దాని పక్కన బాడీ వైపు ఫ్రెట్ లేచి ఉంటుంది, అది లెవెల్ చేయించుకోవచ్చు.

ఆంప్‌కి పెట్టి, పికప్‌లు (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చేవి) మార్చే స్విచ్‌ని ఐదు పొజిషన్లలోనూ పెట్టి వినండి. నాబ్ తిప్పితే కరకరమనడం సాధారణంగా దుమ్ము వల్లే, కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోతుంది. ఏదైనా పికప్ పలకకపోతే మాత్రం గట్టిగా బేరమాడండి.

ట్యూనర్‌లో 12వ ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం, హార్మోనిక్ (అక్కడే తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కంటే ఎక్కువ చూపిస్తే శాడిల్‌ని (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) నెక్‌కి దూరంగా వెనక్కి జరపాలి. కొత్త తీగలు వేశాకే ఆ పని పెట్టుకోండి.