మేకు లేని చెక్క దీపం: కుమికోపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: జపాన్ చెక్క దీపం ఒకటి కొన్నాను. నమూనా మొత్తం చేతిపని అన్నారు. లేజర్‌తో కోసిందో చేత్తో కూర్చిందో ఎలా తెలుస్తుంది?

జవాబు: నమూనాలో ఏటవాలుగా ఉన్న పుల్లనొకదాన్ని ఎంచుకుని, చెక్క పోగు (నార గీతలు) ఎటు నడుస్తోందో దగ్గరగా చూడండి. కుమికో అంటే సన్నని చెక్క పుల్లల్ని మేకులు లేకుండా నమూనాగా కూర్చే జపాన్ చేతిపని. ఇందులో ప్రతి పుల్లనూ విడిగా చీల్చి, చిత్రిక పట్టి, కొనలు చెక్కి కూరుస్తారు. అందుకని పుల్ల ఎటు తిరిగినా పోగు దాని పొడవు వెంటే సాగుతుంది. ఒకే పలకను లేజర్‌తో కోస్తే పోగు అంతటా ఒకే దిక్కున పోతుంది, ఏటవాలు పుల్లల్లో అడ్డంగా తెగుతుంది. అలాంటి దీపం కింద పడితే మొదట విరిగేదీ అక్కడే. అంచులు మాడినట్టు గోధుమ రంగులో ఉన్నా, పక్కనుంచి ప్లైవుడ్ పొరలు కనిపించినా లేజర్ పనే.

పుల్లల్ని యంత్రంతో చీల్చి చేత్తో కూర్చడం జపాన్‌లోనూ మామూలే. తోచిగి ప్రాంతంలోని కనుమ, ఫుకువోకాలోని ఒకావా ఈ పనికి పేరున్న ఊళ్లు. నైపుణ్యమంతా కొన చెక్కడంలో, కూర్పులో ఉంటుంది కాబట్టి చీల్చడానికి యంత్రం వాడితే పని విలువ తగ్గిపోదు.

ప్రశ్న: దీపం కోసం చతురస్రపు గళ్లలో అసానోహా (అసా మొక్క ఆకు నమూనా) పలక చేస్తున్నాను. కొన్ని గళ్లలో పుల్లలు వదులై రాలిపోతున్నాయి. మరికొన్ని చోట్ల పలకే ఉబ్బుతోంది. ఎక్కడ తప్పు జరుగుతోంది?

జవాబు: రెండూ కొలత తేడాలే. పొట్టి పుల్ల రాలుతుంది, పొడవైతే చట్రాన్ని బయటికి తోస్తుంది. అయితే అసలు తేడా చాలాసార్లు గళ్ల చట్రంలోనే మొదలవుతుంది.

3 మిల్లీమీటర్ల మందం, 12 మిల్లీమీటర్ల వెడల్పు పుల్లలనుకుందాం. రెండు పుల్లలు దాటే చోట ఒక్కోదానిలో 6 మిల్లీమీటర్ల లోతు గాడి తీస్తే ఒకదానిలో ఒకటి సమంగా కూర్చుంటాయి. గాడి వెడల్పు సరిగ్గా పుల్ల మందమంత ఉండాలి. గాడి బిగుతుగా ఉండి ఒక్కో అతుకు దగ్గర 0.1 మిల్లీమీటరు తోసినా, పది అతుకులు దాటేసరికి అది 1 మిల్లీమీటరు అవుతుంది. పలక విల్లులా వంగేది ఇందుకే. పుల్లలన్నీ పక్కపక్కన పేర్చి, క్లాంపుతో బిగించి, గాడులు ఒకేసారి అడ్డంగా కోయండి. విడివిడిగా కోస్తే గళ్లు ఎప్పటికీ సమంగా రావు.

ఇక లోపలి పుల్లలు. ఒక్కో గడికి ఐదు: ఒక కర్ణం, రెండు మడత పుల్లలు, రెండు బిగింపు పుల్లలు. కొనలు చెక్కడానికి 45, 22.5, 67.5 డిగ్రీల వాలున్న గట్టి చెక్క దిమ్మెలు మూడు కావాలి. పుల్లను దిమ్మె గాడిలో పెట్టి, వెడల్పాటి ఉలిని వాలు మీద ఆనించి తోస్తారు. పుల్ల వెనక కదిపేందుకు వీలైన ఆపు ఒకటి ఉండాలి, పొడవు నిలకడగా రావడం దాని చేతిలోనే ఉంది.

కర్ణానికి రెండు కొనలూ 45లో చెక్కండి. గడి లోపలి కొలత 36 మిల్లీమీటర్లయితే కర్ణం సుమారు 50.9 వస్తుంది. కాస్త పొడవుగానే మొదలుపెట్టి, ఒక గడిలో పెట్టి చూస్తూ తగ్గించండి. వేలితో నొక్కితే దిగాలి, తలకిందులు చేస్తే పడకూడదు. ఆ కొలత దొరికాకే ఆపు బిగించి మిగతావన్నీ చెక్కండి. పక్కపక్క గళ్లలో కర్ణాలు ఎదురెదురు దిక్కులకు వాలాలి. అన్నీ ఒకే వైపు వాలితే నక్షత్రం లాంటి ఆకు ఏర్పడదు.

మడత పుల్ల రెండు కొనలూ 22.5లో చెక్కి, సరిగ్గా మధ్యలో సన్నని పొర మాత్రం మిగిలేలా గాటు పెట్టండి. మడత దగ్గర నీటి చుక్క వేసి, గాటు బయటికి తెరుచుకునేలా మెల్లగా వంచితే పొర తెగదు. చివరగా బిగింపు పుల్ల. దాని ఒక కొన 45, ఇది గడి మూలలోకి. రెండోది 67.5, ఇది మడత దగ్గరికి. మొత్తాన్ని పట్టి ఉంచేది ఇదే. ఇది వదులైతే ముందు మడత పుల్ల పొడవు చూడండి, సాధారణంగా అదే పొట్టిగా ఉంటుంది. ఉలి మొద్దుబారినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే అది పోగును కోయకుండా నలిపేస్తుంది, నలిగిన కొన తర్వాత కుదించుకుపోతుంది. పది కొనలకోసారి పదును చూసుకోండి.

చెక్క హినోకీ (జపాన్ సైప్రస్) గానీ సుగీ (జపాన్ దేవదారు) గానీ, పోగు నిటారుగా ఉన్నదే ఎంచుకోండి. ముడులున్న ముక్క ఈ పనికి పనికిరాదు.

ప్రశ్న: పసిబిడ్డ గదిలో పెట్టే దీపానికి ఏ నమూనా తగింది?

జవాబు: అసానోహానే. గంజాయి జాతికి చెందిన నార మొక్క అసా త్వరగా, నిటారుగా ఎదుగుతుంది. బిడ్డ కూడా అలా ఎదగాలని పసివాళ్ల బట్టల మీద ఆ ఆకు వేసేవారు. జపాన్ ఎడో యుగంలో (1603–1868) కబుకి అనే సంప్రదాయ నాటకాల నటుడు ఐదవ ఇవాయ్ హన్షిరో ధరించాక ఇది మరింత ఆదరణ పొందింది. ఆరు పలకల కిక్కో తాబేలు డిప్ప, దీర్ఘాయువుకు గుర్తు. బుట్ట అల్లికలా ఉండే కగోమే కీడును ఆపుతుందని నమ్మకం. షిప్పో, సెయ్‌గైహా వంపు గీతల నమూనాలు, తిన్నని పుల్లలతో కుదరవు. వంచాలి లేదా వంపుగా చెక్కాలి కాబట్టి పని పెరుగుతుంది.

ప్రశ్న: దీపం కాగితం పసుపెక్కి, జారిపోయింది. పుల్లలు ఊడకుండా మార్చగలనా?

జవాబు: మార్చవచ్చు. షోజీ అనే కాగితపు తలుపులకు ఏడాది చివర కాగితం మార్చే అలవాటు జపాన్‌లో ఉంది, దీపానిదీ అదే పద్ధతి. జిగురు గీతల మీద మాత్రమే తడి స్పాంజి అద్ది, ఐదు నుంచి పది నిమిషాలు ఆగి, ఒక మూల నుంచి మెల్లగా లాగండి. చట్రాన్ని నీళ్లలో ముంచకండి. జిగురు లేకుండా బిగువు మీదే నిలిచిన పుల్లలు తడికి ఉబ్బి, ఆరాక వదులవుతాయి. పాత జిగురు తుడిచి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి.

గోధుమ పిండిపదార్థం ఒక వంతుకు నీళ్లు నాలుగైదు వంతులు కలిపి, పారదర్శకంగా మారేదాకా ఉడికించి, చల్లార్చి, పలుచన చేసి పుల్లల వెనక వైపు పూయండి. కోజో (కాగితపు మల్బరీ) నారతో చేసిన వాషి అనే జపాన్ కాగితం వాడండి. అన్ని వైపులా ఒక సెంటీమీటరు ఎక్కువగా ఉంచి, ఒక చివర నుంచి పరుచుకుంటూ వెళ్లండి. ఆరాక అంచులు కోసి, దూరం నుంచి నీటి తుంపర చల్లితే ముడతలు పోయి కాగితం బిగుస్తుంది. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం ఇలా బిగవదు, దాన్ని మొదటే లాగి అంటించాలి.

ప్రశ్న: జపాన్‌లో కొన్న దీపానికి ఏ బల్బు?

జవాబు: 3 నుంచి 5 వాట్ల ఎల్ఈడీ, 2700 కెల్విన్ రంగు. పాత ఫిలమెంట్ బల్బు వేడికి కాగితం పెళుసవుతుంది, చెక్క ఎండి అతుకులు సడలుతాయి. జపాన్ కరెంటు 100 వోల్టులు. మీ ఇంట్లో 220 నుంచి 240 ఉంటే, అడాప్టర్ మీద 100–240 అని లేనిదే నేరుగా పెట్టకండి. మామూలు హోల్డరు, తీగ ఉన్న దీపమైతే ఎలక్ట్రీషియన్‌తో హోల్డరు, తీగ, ప్లగ్గు మూడూ మార్పించి, మీ ఓల్టేజికి తగిన బల్బు పెట్టండి.